జప్తు చేసిన పాలపిట్ట

పులి సంగతి ముందే చెప్పేస్తాను

అటవీశాఖలో కొత్తగా చేరే పిల్లలు నన్ను కలిస్తే మొదట అడిగేది పులి గురించే. నేను పులిని చూడలేదు. పులి అడుగులు చూశాను, పులి తిని వదిలేసిన ఆవును చూశాను, పులిని కళ్లారా చూశామని ఒట్టు పెట్టే సర్పంచులను చాలామందిని చూశాను. పులి మాత్రం నా సర్వీసు అయిపోయేదాకా నాకు కనబడలేదు. ఈ మాట చెప్పగానే పిల్లల మొహాలు మాడిపోతాయి. ఇంతోటి దానికి ఇంతదూరం వచ్చామా అన్నట్టు చూస్తారు.

సెక్షన్ ఆఫీసరుగా దిగిపోయాను. నా ప్రమోషన్ల కథ అంతే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు అడవుల్లో, చెరువుల గట్ల మీద తిరిగాను. పులి లేని ఉద్యోగంలో నాకు మిగిలినవి పిట్టలు. చలికాలం వచ్చిందంటే మా పని సగం పిట్టలతోనే. ఈ ఉద్యోగం అసలు ఎట్లా ఉంటుందో తెలియాలంటే పులి కన్నా పిట్టే బాగా చెబుతుందని నా నమ్మకం.

చేరిన కొత్తలో నాకు రెండే పిట్టలు తెలుసు. ఒకటి కాకి, రెండోది కాకి కానిది. మా బాపు జనగామ పక్కన పాతకాలపు రైతు. ఆయన లెక్కలో కూడా పిట్టలు రెండు రకాలే, పంటను తినేవి, మనం తినేవి. ఒక చలికాలం శాఖవాళ్లు ఇచ్చిన బొమ్మల పటం ఇంటికి తెచ్చి ఆయన ముందు పరిచాను. ఈ పిట్టలు మన దిక్కు వస్తాయా బాపు అని అడిగాను. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి రుచి చెప్పుకుంటూ పోయాడు. ఇది నీసు వాసన, దీన్ల బొక్కలే తప్ప కండ లేదు, దీనికి మిరియాలు దంచి వెయ్యాలె. నేను యూనిఫాం కూడా విప్పకుండా అవన్నీ విన్నాను. చట్టం ప్రకారం పోతే నా మొదటి కేసు మా బాపు మీదే రాయాల్సి వచ్చేది.

పిట్టలు గైర్హాజరు

జనగామలో పని చేస్తున్నప్పుడు ప్రతి చలికాలం చెరువుల దగ్గర పిట్టల లెక్క తీయమని పైనుంచి చెప్పేవారు. హిమాలయాల అవతలి నుంచి బాతులు వస్తాయి. తల వెనక రెండు నల్ల పట్టీలుండే పెద్ద బాతులు, సూదిలాంటి తోక ఉన్న బాతులు, గట్టు మీద తోక ఆడించుకుంటూ ఉరికే చిన్న పిట్టలు. జొన్న చేలు ఉన్నచోట గులాబీ రంగు గోరింకలు మబ్బులా దిగేవి. రైతులు వడిసెల పట్టుకొని మంచె ఎక్కి వాటిని తిడుతుంటే, మేము కింద నిలబడి వాటిని పొగుడుతూ ఉండేవాళ్లం.

అప్పటి మా రేంజర్‌కు పిట్టలంటే మహా ఇష్టం. పొద్దున లేవడమంటేనే ఇష్టం లేదు. కొత్త దుర్బీను మెళ్లో వేసుకొని, టిఫిన్ చేసి, ఎండ ముదిరాక జీపులో చెరువు మీదికి వచ్చేవాడు. దారిలో బర్రెలు అడ్డమొస్తే డ్రైవరు హారన్ కొట్టేవాడు. బర్రెలు కదిలేవి కావు, చెరువులోని బాతులన్నీ లేచి పోయేవి. ఆయన గట్టు మీద నిలబడి ఖాళీ నీళ్లను దుర్బీనుతో చూసేవాడు. చివరికి ఒకరోజు నాకు మెమో ఇచ్చాడు. మీ సెక్షన్ చెరువులో పక్షులు ఎందుకు లేవో సంజాయిషీ ఇవ్వవలసింది అని అందులో ఉంది. పక్షులు పొద్దున హాజరై, తమరి జీపు వచ్చేసరికి సెలవు చీటీ ఇవ్వకుండానే వెళ్లిపోయాయి అని నేను జవాబు రాశాను. ఆ ఏడు నాకు ఏ సన్మానమూ జరగలేదు.

ఆయన చెడ్డవాడు కాదు, ఆలస్యంగా వచ్చేవాడు. ఈ ఉద్యోగంలో మీకు చెడ్డవాళ్ల కన్నా ఆలస్యంగా వచ్చేవాళ్లే ఎక్కువ తగులుతారు. మీరు మాత్రం బర్రెల వెనకాల నడిచి చెరువు దగ్గరికి పోండి. బర్రెలను చూసి ఏ బాతూ లేవదు, వాటి వెనక వచ్చే మనిషిని కూడా బర్రె కిందే జమ కడుతుంది.

కొత్తగూడలో మంచం వేసిన ఇల్లు

తర్వాత మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ అడవులకు పడ్డాను. అక్కడ ఫారెస్టోడు అంటే పోడు చేలు గుంజుకోవడానికి వచ్చినవాడని అర్థం. ముసలివాళ్లు ఇంకా జంగ్లాతోళ్లు అనే అంటారు, అన్నాక ఒకసారి ఉమ్మేస్తారు. పోడు గురించి అడగబోతే తండాల్లో తలుపులు మూసేవారు. పిట్ట గురించి అడిగితే మాత్రం మంచం వాల్చి, మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఈ తేడా కనిపెట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. మనం గుంజుకోవడానికి రాలేదని తెలిస్తే ఎవరైనా మాట్లాడతారు. పోడు విషయంలో శాఖ చేసిందంతా న్యాయమని నేను ఇప్పటికీ అనను.

నాకు భీమ్లా పరిచయమైంది అక్కడే. తండా నుంచి చదువుకొని బీట్ ఆఫీసరైనవాడు. ఇంట్లో లంబాడీ, ఆఫీసులో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. పెద్ద ఆఫీసరు ముందు కూడా నోటికి తాళం వేసేవాడు కాదు. తర్వాత నేను భూపాలపల్లి జిల్లా టేకుమట్ల వైపు పోయినప్పుడు, వాడు కూడా బదిలీ అయి నా సెక్షన్‌లోనే తేలాడు. అసలు కథ అక్కడిది.

దసరా డ్యూటీ

మీకు క్యాలెండర్‌లో చలికాలం ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలియదు గానీ, మా శాఖకు దసరాతోనే మొదలవుతుంది. వానలు వెనక్కి తగ్గి, పాలపిట్టలు కరెంటు తీగల మీదికి, చేలల్లోకి వస్తాయి. దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మన ఊళ్లలో నమ్మకం. కొత్త బట్టలు కట్టుకొని పిల్లాజెల్లా ఊరి బయటికి పోయి, పిట్ట కనబడేదాకా మెడలు ఎత్తి తిరుగుతారు. తిరిగే ఓపిక లేనివాళ్ల కోసం కొందరు పిట్టను పట్టి, పంజరంలో పెట్టి, గడప గడపకూ తిప్పి చూపిస్తారు. అది నేరం. వాళ్లను పట్టుకోవడం మా దసరా డ్యూటీ. ఊరంతా మొక్కే పిట్టను, ఊరంతా చూస్తుండగా, పండుగ పూట లాక్కోవాలి. ఇంతకన్నా పేరు తెచ్చే ఉద్యోగం ఇంకొకటి ఉండదు.

ఆ దసరా నాడు నేను బూట్లు వేసుకుంటుంటే మా ఆవిడ సుగుణ తలుపుకు అడ్డం నిలబడింది. తను కూడా ఇంకా పాలపిట్టను చూడలేదట. పొద్దటి నుంచి డాబా ఎక్కి చూస్తే రెండు కాకులు, ఒక డ్రోన్ కనబడ్డాయట. పండుగ పూట పిట్టలోళ్ల ఉసురు పోసుకోకు అని చెప్పి లోపలికి పోయింది.

నేనూ భీమ్లా బండి మీద బయలుదేరాం. టేకుమట్ల దాటాక ఒక ఊరి బస్‌స్టాప్ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో సారయ్య. బక్కపలచటి మనిషి, యాభై దాటి ఉంటాయి. మిగతా రోజుల్లో పత్తి ఏరడానికి, మిర్చి ఏరడానికి కూలికి పోతాడు. దసరా నాడు మాత్రం తెల్ల అంగీ వేసి, బొట్టు పెట్టుకొని, ఎర్రగుడ్డ కప్పిన పంజరం పట్టుకొని తిరుగుతాడు. ఒక్కో కుటుంబం ముందుకు రాగానే గుడ్డ పైకి లేపుతాడు, వాళ్లు మొక్కుకుంటారు, గుడ్డ దించుతాడు.

నేను జనాన్ని తోసుకుంటూ పోయి పంజరం మీద చెయ్యి వేశాను. సారయ్య పంజరం వదలకుండా నిలబడిపోయాడు. జనం మాత్రం ఏమీ బెదరలేదు. వరుసలో ఉన్న ఒక పెద్దమ్మ నా మోచేయి పట్టుకుంది.

“జర ఆగు బిడ్డా. మేం సూసినంక పట్టుకపోదువు.”

నేను చట్టం గురించి మొదలుపెట్టాను. ఆమె చంకలో మనవరాలిని చూపించి, ఈ పిల్లకు కూడా చట్టం చెప్పు అంది. భీమ్లా పక్కకు తిరిగి నవ్వుతున్నాడు. చివరికి ఏమైందంటే, వరుస అయిపోయేదాకా అటవీశాఖ ఒక పక్కకు నిలబడింది. ఆ చిన్నపిల్ల పంజరంలోకి తొంగిచూసి, నీలం పిట్ట అన్నరు గదా, నీలమేది అని అడిగింది. పాలపిట్ట రెక్కలు ముడుచుకొని కూర్చుంటే మట్టి రంగే ఎక్కువ కనబడుతుంది. రెక్క విప్పితేనే ఆ నీలం. నేను అప్పుడు దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

ఊరేగింపు

ఇక్కడ మేము చేసిన పని ఫారెస్టోళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. పంజరాన్ని బండి హ్యాండిల్‌కు కట్టుకొని, దసరా మధ్యాహ్నం, మూడు ఊళ్ల మీదుగా ఆఫీసుకు బయలుదేరాం. ఊరు దాటకముందే గాలికి ఎర్రగుడ్డ ఎగిరిపోయింది. వెనక సారయ్య తన సైకిల్ మీద తానే వస్తున్నాడు. ముద్దాయి పారిపోలేదు, పిట్టను వదిలి పోలేకపోయాడు.

మొదటి ఊళ్లో ఒకాయన చూశాడు. ఆయన కేక విని ఇంటిల్లిపాదీ బయటికొచ్చారు. తర్వాత వాడకట్టంతా వచ్చింది. ట్రాక్టర్ ఆపి దిగి మొక్కినవాళ్లు ఉన్నారు, బండికి అడ్డం నిలబడి హెడ్‌లైట్‌కు పసుపు కుంకుమ పెట్టినవాళ్లు ఉన్నారు. ఒకామె బంతిపూలు నా టోపీ మీద చల్లింది. భీమ్లా గేరు మార్చకుండా, పల్లకి మోసేవాడిలా నిదానంగా నడిపాడు. ఆఫీసు చేరేసరికి మా వెనక సైకిళ్లు, బండ్లు, నడిచేవాళ్లు బారులు తీరి ఉన్నారు. సారయ్య సైకిల్ స్టాండు వేసి నా దగ్గరికి వచ్చాడు.

“నేను తిప్పితే కేసు, మీరు తిప్పితే ఊరేగింపా సార్?”

పంజరాన్ని బల్ల మీద పెట్టి తలుపు వేద్దామంటే, తలుపు దగ్గర అప్పటికే వరుస కట్టారు. పుట్టలో పోసినట్టు కొందరు గిన్నెల్లో పాలు తెచ్చారు. సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసి స్టేటస్‌లు పెట్టారు, ఫారెస్టు ఆఫీసులో పాలపిట్ట దర్శనం అని. ఆ ఫొటోల్లో నేను కూడా ఉన్నాను, పూజారి నిలబడే చోట.

రేంజర్ ఫోన్ చేశాడు. ఈయన జనగామ ఆయన కాదు, పొద్దునే లేచేవాడు. నేను సెక్షన్ ఆఫీసరునా, తిరునాళ్ల కాంట్రాక్టరునా అని అడిగాడు. ఊపిరి తిప్పుకోకుండా దులిపేశాడు. దులపడం అయ్యాక గొంతు తగ్గించి, మా ఇంట్లోవాళ్లు బయలుదేరారు, వాళ్లు చూసేదాకా పిట్టను విడవకు అన్నాడు. పై అధికారులు తిట్టేటప్పుడు చివరి వాక్యం కోసం ఆగండి. అసలు ఆర్డరు అందులో ఉంటుంది.

సుగుణ కూడా వచ్చింది. అందరి కన్నా వెనక నిలబడి, వరుసలోనే వచ్చి, పిట్టను చూసి దండం పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

“దసరా నాడు పాలపిట్టను జైల్ల పెట్టినోడు లోకంల నువ్వొక్కనివే.”

నడిచిన పిట్ట

పొద్దు వాలాక రేంజర్ వచ్చాడు. ఆయన ఇంట్లోవాళ్ల దర్శనం అయ్యాక, ఊరివాళ్లందరి ముందు పిట్టను వదలాలని అనుకున్నాం. ఆఫీసు ముందరి ఖాళీ జాగాలో పంజరం పెట్టి, నేను గొప్పగా తలుపు తీశాను. జనం చేతులు జోడించారు.

పిట్ట నడిచి బయటికి వచ్చింది. కోడిలా నాలుగడుగులు వేసింది. ఎగరడానికి ఒళ్లు విదిల్చి, పక్కకు ఒరిగి పడింది. మళ్లీ లేచి మళ్లీ పడింది. పొద్దటి నుంచి నవ్వుతున్న భీమ్లా కూడా నవ్వలేదు. ఆ పిట్టను చేతిలోకి తీసుకొని చూస్తే రెక్కల ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్ట కట్టి ఉన్నాయి.

సారయ్య తలవంచుకొని చెప్పాడు. అతని తండ్రి కాలం నుంచీ ఇదే పద్ధతి. పండుగకు ముందు మిడతను ఎర వేసి పిట్టను పట్టడం, ఎగరకుండా రెక్కలకు తుమ్మబంక రాయడం, పండుగ తెల్లారి నీళ్లతో కడిగి, పంజరం తెరిచి పెట్టి కూలికి పోవడం. తుమ్మబంక నీళ్లకు కరిగిపోతుంది, అందుకే పాపం అంటదని వాళ్ల నమ్మకం. పోయిన దసరాకు నడి దర్శనంలో వాన పడింది. బంక కరిగింది. తలుపు తీసి దగ్గరగా చూపబోతే పిట్ట తుర్రుమంది.

“అందరి ముంగట ఇజ్జత్ పాయె సార్. అందుకే ఈసారి దుకాణంల బంక తెచ్చిన. వానకు పోదన్నడు దుకాణపోడు.”

దుకాణపోడు అబద్ధం చెప్పలేదు. అది వానకు పోలేదు, వేడినీళ్లకు పోలేదు, సుగుణ కుంకుడు రసంతో తుడిస్తే పోలేదు. ఊడదీయబోతే ఈకలు విరిగాయి.

రేంజర్ అక్కడే తీర్పు చెప్పాడు. పిట్ట ఎగిరితే సారయ్యను మందలించి వదిలేస్తాను, చస్తే కేసు కోర్టుకు పోతుంది, నేను ఆపను అన్నాడు. చట్టంలో ఇంత వెసులుబాటు ఉందో లేదో మీరు పుస్తకాల్లో చూసుకోండి. నాకు మాత్రం ఆయన చెప్పింది సబబుగానే తోచింది. సారయ్యకు భయం జైలు ఒక్కటే కాదు. ఏడాదిలో ఒక్కరోజు, ఊరు ఊరంతా అతన్ని గడపలోకి పిలిచి పీట వేసేది దసరా నాడే. మిగతా రోజుల్లో అతని పేరు కూడా ఎవరూ పలకరు. ఇక నుంచి ఆ ఒక్కరోజు కూడా దొంగ అంటారు సార్ అన్నాడు.

మిడతల వేట

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పిట్టను, నన్ను మార్చి మార్చి చూసి, బర్రె అయితే చెప్పండి సార్, గిది నా చేతిల ఇమిడేటంతుంది అన్నాడు. అయినా మంచి మనిషి, ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. విరిగిన ఈకల మొదళ్లు జాగ్రత్తగా పీకేశాడు. అవి పోతేనే కొత్తవి మొలుస్తాయట. మొలవడానికి చలికాలమంతా పట్టవచ్చు, బతికి ఉంటే అన్నాడు.

అట్లా పాలపిట్ట మా క్వార్టర్ వెనక గదిలో కాపురం పెట్టింది. పాలు ముట్టలేదు, గింజలు ముట్టలేదు, రేంజర్ ఇంటి నుంచి వచ్చిన జామపండు వైపు చూడనైనా చూడలేదు. దానికి మిడతలు కావాలి, పురుగులు కావాలి, అవీ కదులుతుండాలి. మా సెక్షన్ సిబ్బందికి ఆ చలికాలం బీటు తిరగడమంటే మిడతలు పట్టడమే అయింది. తెల్లవారుజామున మంచుకు మిడతలు గడ్డి పరకలను పట్టుకొని కొయ్యబారి ఉంటాయి, చేత్తో తీసి సీసాలో వేసుకోవచ్చు. ఎండ వచ్చాక పట్టాలంటే మనిషి కప్పలా గెంతాలి. భీమ్లా ఒకసారి యూనిఫాంలో అట్లా గెంతుతుంటే మిర్చి చేనులో ఉన్న ఆడవాళ్లు చూసి, ఫారెస్టాయనకు గాలి సోకిందని పుకారు లేపారు.

సారయ్య రోజూ వచ్చేవాడు. పత్తికి పోయే ముందు మిడతల సీసా ఇచ్చి, గది గుమ్మంలో కాసేపు కూర్చొని పోయేవాడు. మొదట సుగుణ అతనితో మాట్లాడలేదు. తర్వాత చాయ్ ఇచ్చింది. ఇంకొన్నాళ్లకు, రాకపోతే ఎందుకు రాలేదని నన్నే నిలదీసేది.

ఆ చలికాలం చెరువుల్లో పిట్టల లెక్కకు పోతూ, మిడతలు దొరుకుతాయని సారయ్యను కూడా వెంట తీసుకుపోయాను. బర్రెల వెనకే పోయాం. నీళ్ల మీద నల్లపట్టీల బాతులు తేలుతున్నాయి. ఎక్కడి నుంచి వస్తాయని అడిగాడు. హిమాలయాల అవతలి నుంచి అని చెప్పాను.

“ఎవలూ పట్టి తేకుండనే వస్తయా?”

అవునన్నాను. గట్టు మీద గొంతుకూర్చొని చాలాసేపు అటే చూశాడు. ఆ పొద్దు మిడతలు పట్టలేదు, నేనూ అడగలేదు.

చలి ముదిరాక పిట్ట తిండి మానేసింది. ఒళ్లంతా ఉబ్బించుకొని, కళ్లు మూసుకొని, మూలకు ఒదిగింది. మిడతను ముక్కు దగ్గర పెట్టినా నోరు తెరవలేదు. డాక్టరు వచ్చి చూసి, నా చేతిలో ఏం లేదన్నాడు. సుగుణ గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, పొగ పేరుకోకుండా కిటికీ తెరిచి, పంజరానికి తన పాత శాలువా చుట్టింది. సారయ్య కూలికి పోలేదు. గుమ్మం దగ్గర కూర్చొని, మా ఆవిడ ఏం చెబితే అది చేశాడు. నేను ఆఫీసులో కూర్చున్నాను గానీ ఒక్క పనీ సాగలేదు. పిట్ట చస్తే ఆ కేసు రాయాల్సింది నేనే. సారయ్య పేరు నా చేత్తో రాయాలని తలచుకుంటే అన్నం సహించలేదు. ఉద్యోగంలో ఎన్నో కేసులు రాశాను, టేకు దొంగల మీద రాసినప్పుడు రెండోసారి ఆలోచించలేదు. ఈసారి కేసుల పుస్తకం ఉన్న బీరువా తాళం కూడా తీయలేదు.

రెండో రోజు పొద్దున సుగుణ పిలిచింది. పరుగెత్తి పోయి చూస్తే పిట్ట ఆమె చేతిలోని మిడతను గుంజుకొని, కటకట కొరికి, ఇంకొకటి ఏదీ అన్నట్టు చూస్తోంది. సుగుణ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. సారయ్య అక్కడ లేడు. మిడతల కోసం అప్పటికే చేలల్లో పడ్డాడు.

నీలం

తర్వాత ఈకలు మొలిచాయి. మొదట ముళ్లలా, తర్వాత వాటి చివర నీలం కుచ్చులు. గదిలో తలుపు మీది నుంచి కిటికీ మీదికి ఎగరడం మొదలుపెట్టింది. ఒకరోజు రేంజర్ పర్యవేక్షణకు వచ్చి గదిలో తల పెట్టగానే ఆయన బట్టతల మీద వాలింది, వాలినందుకు గుర్తు కూడా వదిలింది. ఆయన జేబురుమాలుతో తుడుచుకుంటూ, ఇక వదిలేయవచ్చు అన్నాడు. మా శాఖలో నేను చూసిన ఆదేశాల్లో అంత త్వరగా వచ్చింది ఇంకొకటి లేదు.

ఎండ కొద్దిగా చురుక్కుమనే రోజుల్లో, టేకుమట్ల బయట చేలల్లోకి తీసుకుపోయాం. పండుగ కాదు, జనం లేరు. రేంజర్, డాక్టరు, భీమ్లా, సుగుణ, నేను, సారయ్య. దసరా నాడు తలుపు తీసింది నేను. ఈసారి ఆ తలుపు నువ్వే తియ్యి అని సారయ్యతో అన్నాను. గడియ జారి రెండుసార్లు మళ్లీ పడింది.

పిట్ట గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసింది. మళ్లీ నడుస్తుందేమో అనుకున్నాను. నడవలేదు. లేచింది. రెక్కలు విప్పగానే ఆ నీలం ఒక్కసారి మా కళ్ల ముందు పరుచుకుంది. పొలాల మీద నుంచి పైపైకి పోయి, అక్కడ బొంగురు గొంతుతో అరుస్తూ పల్టీలు కొట్టింది, ఒకటి తర్వాత ఒకటి. దిగివచ్చి కరెంటు తీగ మీద కూర్చొని ముక్కుతో ఈకలు సవరించుకుంది. భీమ్లా వాళ్ల భాషలో ఏదో గట్టిగా అన్నాడు. దసరా కాదు గదా, మొక్కితే ఫలితముంటుందా అని సుగుణ నన్ను అడిగి, నా జవాబు కోసం ఆగకుండానే మొక్కింది.

రేంజర్ సారయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఇంక కేసు లేదు, మళ్లీ బంక జోలికి పోతే మాత్రం ఊరుకోను, ఇంటికి పో అన్నాడు. సారయ్య కదలలేదు. వినబడలేదేమో అని రేంజర్ ఇంకోసారి చెప్పాడు. సారయ్య తీగ మీద నుంచి కళ్లు తిప్పకుండానే నాతో అన్నాడు.

“ఇన్నేండ్ల సంది ఊరందరికి నేనే సూపెట్టిన సార్. నేను సూసుడు మాత్రం గిదే మొదలు.”

అప్పుడు ఖాళీ పంజరం కింద పెట్టి, రెండు చేతులెత్తి మొక్కాడు.